ఎండను కాదు, నీడను చూసి రీలు కొనండి: ఫిలిం స్పీడు ఎంచుకోవడం ఎలా

చెన్నైలో కొత్తగా ఫిలిం కెమెరా పట్టుకున్నవాళ్లకు ఎవరైనా ఇచ్చే సలహా ఒకటే: "ఇక్కడ ఎండలు మండిపోతాయి కదా, 100 రీలు చాలు." రీలు డబ్బా మీదుండే 100, 200, 400 లాంటి అంకే దాని స్పీడు, అది పెరిగేకొద్దీ తక్కువ వెలుగు చాలు. ఆ సలహా వినడానికి సబబుగానే ఉంటుంది. ఊరు దాదాపు 13 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఏప్రిల్ చివర్లో ఒకసారి, ఆగస్టు మూడో వారంలో ఇంకోసారి మధ్యాహ్నపు సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదికొస్తాడు. ఇంత వెలుగున్న చోట వేగమైన ఫిలిం దండగ అనిపించడం సహజమే.

కానీ ఆ ఎండలో ఫొటో తీయడానికి మనుషులేరీ? మిట్టమధ్యాహ్నం మెరీనా ఇసుకలో కాకులు తప్ప ఎవరూ కనిపించరు. జనం వచ్చేది సాయంత్రం అయిదున్నర దాటాక. మెరీనాది తూర్పు ముఖం. పొద్దు ఊళ్లోని మేడల వెనక్కి దిగిపోతుంది కాబట్టి, గుర్రాలూ సుండల్ పొట్లాలూ గాలిపటాలూ అన్నీ నీడలోనే ఉంటాయి. పైగా మన వైపు సంధ్యవెలుగు ఎంతోసేపు నిలవదు. సూర్యుడు దిగిన ఇరవై నిమిషాలకే దాదాపు చీకటి. అందుకే నా మాట ఇది: రీలులో అన్నిటికంటే తక్కువ వెలుగులో తీయబోయే బొమ్మ ఏదో ముందే అనుకుని, దానికి సరిపడే స్పీడు కొనండి. వెలుగు ఎక్కువైతే తగ్గించుకునే దారులున్నాయి. లెన్స్ రంధ్రం చిన్నది చేసుకోవచ్చు, షట్టర్ వేగం పెంచుకోవచ్చు, వెలుగు తగ్గించే నల్లటి గాజు, అంటే ఎన్‌డీ ఫిల్టర్, తగిలించుకోవచ్చు. తక్కువైతే ఫ్లాష్ ఒక్కటే గతి. ఆ ఫ్లాష్ కొట్టగానే ఆ సాయంత్రపు అందమంతా పోతుంది.

ముందు మీ కెమెరా ఏం చేయగలదో చూడండి

రీళ్ల సంగతి తర్వాత. కెమెరాను బల్ల మీద పెట్టి మూడు విషయాలు కాగితం మీద రాసుకోండి.

మొదటిది, షట్టర్ గరిష్ఠ వేగం. పెంటాక్స్ కె1000 లాంటి వాటికి 1/1000, అంటే సెకనులో వెయ్యో వంతు. నికాన్ ఎఫ్ఎం2కి 1/4000. తాతగారి కాలం నాటి కెమెరాలకు చాలావాటికి 1/500, లేదా 1/300 దగ్గరే ఆగిపోతుంది. రెండోది, లెన్స్ ఎంత తెరుచుకుంటుందన్నది. లెన్స్ అంచున 1:2 అని చెక్కి ఉంటే ఎఫ్ 2, 1:3.8 అని ఉంటే ఎఫ్ 3.8. అంకె చిన్నదైతే లెన్స్ ఎక్కువ తెరుచుకుంటుంది. చీకట్లో ఈ రెండింటికీ ఉన్న తేడా దాదాపు రెండు స్టాపులు. ఒక స్టాపు అంటే వెలుగు రెట్టింపో సగమో కావడం. ఎఫ్ 2 లెన్సులో 400 రీలు చేసే పనిని ఎఫ్ 3.8 లెన్సుతో చేయాలంటే 1600కి దగ్గర్లో ఉన్న రీలు కావాలి. మూడోది, స్పీడు ఎలా పెట్టాలన్నది. డయల్ ఉంటే హాయి. పాత డయళ్ల మీద స్పీడు కొలత పేరు ఐఎస్ఓ బదులు ఏఎస్ఏ అని ఉంటుంది, అంకె మాత్రం అదే. కొన్ని జర్మన్ కెమెరాల మీద డిన్ లెక్కలో 21, 24, 27, 30 అని ఉంటాయి. అవి వరుసగా 100, 200, 400, 800.

డయల్ లేని ఆటోమేటిక్ కెమెరాలు రీలు డబ్బా మీదున్న వెండి, నలుపు గళ్లను చదివి స్పీడు వాటంతటవే పెట్టుకుంటాయి. దీన్ని డీఎక్స్ కోడ్ అంటారు. కొడాక్ 1983లో తెచ్చిన పద్ధతి ఇది. ఇక్కడ రెండు చిక్కులున్నాయి. చవక రకం కెమెరాలు కొన్ని 100, 400 అనే రెండు గుర్తులే చదవగలవు. గళ్లే లేని డబ్బా వేస్తే చాలా కెమెరాలు దాన్ని 100 అనుకుంటాయి. పెద్ద చుట్ట నుంచి కత్తిరించి పాత డబ్బాల్లో నింపి అమ్మే రీళ్లు కొనేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఇవేవీ లేని బొమ్మ కెమెరాలూ ఉన్నాయి. ఉదాహరణకు కొడాక్ ఎం35. దాని లెన్స్ ఎప్పుడూ ఎఫ్ 10, షట్టర్ ఎప్పుడూ 1/120. ఇలాంటి వాటిలో రీలు స్పీడు తప్ప మీ చేతిలో ఏమీ ఉండదు. 200 వేస్తే ఎండలో అవసరానికి మించి సుమారు రెండు స్టాపుల వెలుగు పడుతుంది, మామూలు కలర్ రీలు (కలర్ నెగటివ్) దాన్ని తేలిగ్గానే భరిస్తుంది. నీడలో మాత్రం రెండు స్టాపులు తక్కువవుతుంది, అది భరించదు. 400 వేస్తే ఎండలో మూడు స్టాపులు ఎక్కువ, నీడలో ఒకటి తక్కువ. రెండూ గట్టెక్కుతాయి. బొమ్మ కెమెరాకు కళ్లు మూసుకుని 400 కొనండి.

అంకెల లెక్క

స్పీడు రెట్టింపయితే ఫిలింకు సగం వెలుగు చాలు. 100 నుంచి 200కి ఒక స్టాపు, 400కి రెండు, 800కి మూడు. లోపల జరిగేది కూడా సులువుగానే అర్థమవుతుంది. వేగమైన ఫిలింలో వెండి లవణపు పలుకులు పెద్దవిగా ఉంటాయి కాబట్టి కొద్దిపాటి వెలుగుకే స్పందిస్తాయి, ఆ పలుకులే బొమ్మలో గరుకుగా కనిపిస్తాయి. దాన్నే గ్రెయిన్ అంటారు.

ఇక పాతకాలపు ఫొటోగ్రాఫర్లు వెలుగు కొలిచే మీటర్ లేకుండా వాడిన లెక్క: నిండు ఎండలో లెన్స్ ఎఫ్ 16 దగ్గర పెట్టి, షట్టర్‌ను ఫిలిం స్పీడుకు దగ్గరి అంకెలో పెట్టాలి. 100 రీలుకు 1/125, 400 రీలుకు 1/500. అక్కడి నుంచి దిగుతూ రండి. పల్చటి మబ్బు ఉంటే ఎఫ్ 11. ముసురు పట్టి నీడలే కనిపించకపోతే ఎఫ్ 8. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలకు చెన్నై ఆకాశం కమ్ముకున్నప్పుడు ఎఫ్ 5.6. మేడ నీడలోనో చెట్టు కిందనో ఉండి పైన ఆకాశం తెరిచి ఉంటే ఎఫ్ 4. బీచ్ ఇసుక మాత్రం ఎదురు తిరిగినట్టు వెలుగు విసురుతుంది, అక్కడ ఒక స్టాపు మూసి ఎఫ్ 22కి వెళ్లండి.

తిరగబోయే చోట్లు రాసుకోండి

రీలుకు 36 బొమ్మలు. ఒకసారి వేశాక అవి అయిపోయేదాకా మార్చలేరు. కాబట్టి ఆ 36 ఎక్కడెక్కడ తీస్తారో అనుకోండి. మన ఊళ్లోనే కొన్ని చోట్లు తీసుకుని లెక్క కట్టి చూద్దాం.

కాశిమేడు చేపల రేవు, తెల్లవారుజాము. వేలంపాట పొద్దు పొడవక ముందే మొదలైపోతుంది, దీపాల కింద. అప్పుడు 400 కూడా ఎఫ్ 2 లెన్సుతో 1/30, 1/60 మధ్య ఊగిసలాడుతుంది. ఏడు దాటితే మాత్రం సముద్రం వైపు నుంచి ఎండ నేరుగా కొడుతుంది, 100తో కూడా పని జరుగుతుంది. రెండూ ఒకే రీలులో కావాలంటే 400.

షావుకారుపేట, మింట్ స్ట్రీట్ సందులు. చెన్నై తెలుగువాళ్లలో చాలామందికి తెలిసిన దారులే, కన్యకా పరమేశ్వరి గుడికి వెళ్లినప్పుడల్లా తిరిగేవే. మిట్టమధ్యాహ్నం కూడా ఎండ గోడల మీది నుంచి ఓ జానెడు చారగా పడుతుందంతే. దుకాణం పందిరి కింద కూర్చున్న మనిషి ముఖానికి 100 రీలుతో ఎఫ్ 4 దగ్గర 1/30 వస్తుంది, చేతిలో కెమెరా కదిలిపోతుంది. అదే చోట 400తో 1/125 వస్తుంది, ముఖం నిలుస్తుంది. ఊళ్లో ఎండ ఎంతున్నా సందులో వెలుగు ఇంతే. వీధి ఫొటోలు ఇష్టమైతే 100 జోలికి వెళ్లకండి.

చేతిలో పట్టుకుని ఎంత నెమ్మదిగా తీయొచ్చో ఒక గుర్తు ఉంది. 50 మిల్లీమీటర్ల లెన్సుకు 1/60, 135కి 1/125 లేదా 1/250. అంతకన్నా నెమ్మదిస్తే గోడకో స్తంభానికో ఆనుకోవాలి.

మైలాపూర్ మాడ వీధుల్లో పంగుని మాసపు అరుపత్తు మూవర్ (అరవై ముగ్గురు నాయనార్ల) ఊరేగింపు. ఇది మధ్యాహ్నం ఎండలో జరుగుతుంది, కాబట్టి 200 హాయిగా సరిపోతుంది. దీనికే 100 తీసుకున్నా నేను కాదనను. అదే మైలాపూర్‌లో మార్గళి కచేరీకైతే లెక్క పూర్తిగా వేరు. ఫ్లాష్ కొడితే నలుగురూ తిరిగి చూస్తారు, కొట్టకూడదు కూడా. వేదిక దీపాలు ఎంత బాగున్నా 800 లేదా 1600 లేకుండా మృదంగం మీది చేతులు నిలవవు.

ఇల్లు. అమ్మమ్మ వంటింట్లో కూరగాయలు తరుగుతుంటే ట్యూబ్‌లైటు వెలుగులో తీయాలనిపించిందనుకోండి. 400 రీలు, ఎఫ్ 2 లెన్స్, 1/30 లేదా బాగా వెలుగుంటే 1/60. అమ్మమ్మ కదలకుండా ఉంటే వస్తుంది. ఎఫ్ 3.8 లెన్సుతో రాదు. కిటికీ పక్కకు పీట జరిపితే మూడు స్టాపులు ఊరికే కలిసొస్తాయి, ఖరీదైన రీలు కన్నా పీట జరపడమే నయం.

పెళ్లయితే

ఫిలిం మీద పెళ్లి తీయమని అడిగేవాళ్లు ఈమధ్య మళ్లీ కనిపిస్తున్నారు, కాబట్టి దీని దగ్గర కాస్త ఆగుతాను. తెలుగు పెళ్లి అంటే ముహూర్తం ఏ అర్ధరాత్రికో తెల్లవారుజాముకో ఉండటం మామూలే. కల్యాణ మండపంలో పగటి వెలుగు లెక్కలోకే రాదు.

వీడియోవాళ్ల ఎల్ఈడీ దీపాలు వేదిక మీద వెలుగుతున్నంతసేపూ 400 రీలుతో ఎఫ్ 2.8 దగ్గర 1/125 వస్తుంది. జీలకర్ర బెల్లానికి ఇది చాలు, ఆ క్షణంలో వధూవరులిద్దరూ కదలరు. తలంబ్రాలకు చాలదు. ఎగిరే బియ్యపు గింజలు 1/125లో తెల్లటి గీతలయిపోతాయి. గింజ గింజగా కనిపించాలంటే కనీసం 1/250 కావాలి, అంటే 800 రీలు. తలంబ్రాల సమయానికి వీడియోవాళ్లు దీపం పక్కకు తిప్పేశారో, ఎఫ్ 2 లెన్స్ నిండా తెరిచినా 1600 కావాలి. వాళ్లతో ముందే ఓ మాట చెప్పి ఉంచుకోండి, పెళ్లిలో పురోహితుడి తర్వాత మాట చెల్లేది వీడియోవాళ్లకే.

రంగుల సంగతి కూడా చూసుకోవాలి. మామూలు కలర్ రీళ్లు పగటి వెలుగు కోసం తయారైనవి. పసుపు బల్బుల కింద బొమ్మంతా నారింజ రంగులోకి, పాత ట్యూబ్‌లైట్ల కింద ఆకుపచ్చగా తిరుగుతుంది. సినీస్టిల్ 800టి అనే రీలు పేరులో టి అంటే టంగ్‌స్టన్, బల్బు వెలుగు కోసం చేసింది. అయితే దీపాల చుట్టూ ఎర్రటి వలయం వస్తుంది. కొందరికి అదే ముద్దు. నాకు మాత్రం అమ్మాయి పాపిటబిళ్ల చుట్టూ ఎర్రటి మంట కనిపిస్తే బాగుండదు. ఇలాంటి పెళ్లికి నేనైతే పోర్ట్రా 800, లేదంటే నలుపు తెలుపే చెబుతాను. నలుపు తెలుపులో ఏ దీపం ఏ రంగన్న తలనొప్పే ఉండదు.

ఫ్లాష్ వాడతారా? అప్పుడూ స్పీడు పనికొస్తుంది. గైడ్ నంబర్ (ఫ్లాష్ బలం చెప్పే అంకె) 28 ఉన్న ఫ్లాష్‌తో 5 మీటర్ల దూరాన 100 రీలుకు ఎఫ్ 5.6 పెట్టాలి, 28ని 5తో భాగిస్తే వచ్చే లెక్క. 400 రీలుకు అదే దూరంలో ఎఫ్ 11 వస్తుంది. అందరినీ వరుసగా నిలబెట్టి తీసే బంధువుల ఫొటోలో వెనక వరుస కూడా స్పష్టంగా రావడానికి ఈ తేడాయే కారణం.

ఇక ఎంచుకోండి

100: కొడాక్ ఎక్టార్ 100, ఇల్ఫోర్డ్ ఎఫ్‌పి4 ప్లస్ 125 లాంటివి. పగటి ప్రకృతి దృశ్యాలు, మహాబలిపురం శిల్పాలు, స్టాండు మీద పెట్టి తీసేవి. ఇంకో సందర్భం కూడా ఉంది: ఎండలో మనిషి వెనక అంతా మసకగా కరిగిపోవాలంటే లెన్స్ తెరవాలి. 400 రీలుతో 1/1000 కెమెరాలో ఎఫ్ 11 దాటి తెరవలేరు. 100తో ఎఫ్ 5.6 దాకా రావచ్చు. అంతకన్నా కావాలంటే ఎన్‌డీ ఫిల్టరే.

200: గోల్డ్ 200, కలర్‌ప్లస్ 200. పగటిపూట ఊరు తిరగడానికి మంచివి, ధర కాస్త అందుబాటులో ఉంటాయి. చీకటి పడితే కెమెరా సంచిలో పెట్టేయగలిగిన క్రమశిక్షణ మీకుంటే ఇవి చాలు.

400: కలర్‌లో అల్ట్రామ్యాక్స్, పోర్ట్రా, నలుపు తెలుపులో ఇల్ఫోర్డ్ హెచ్‌పి5 ప్లస్, కొడాక్ ట్రై-ఎక్స్, కెంట్‌మియర్. ఒక్క రీలే కొనగలిగితే ఇదే కొనండి. గ్రెయిన్ ఎక్కువ వస్తుందని భయపెట్టేవాళ్లుంటారు. పోర్ట్రా 400ని ఫోన్ తెర మీద చూస్తే గ్రెయిన్ వెతుక్కోవాలి. గోడంత ప్రింటు వేయిస్తే తప్ప ఆ బెంగ అక్కర్లేదు.

800, ఆపైన: రాత్రికి, లోపలి చోట్లకు మాత్రమే. డెల్టా 3200 అని డబ్బా మీద ఉన్నా, దాని అసలు వేగం 1000 దగ్గరేనని ఇల్ఫోర్డే తన వివరాల పత్రంలో చెబుతుంది. ఎక్కువసేపు కడిగితే 3200గా వాడుకోగలిగే గుణం దానికుంది, అంతే.

నెగటివ్ కాకుండా నేరుగా అసలు రంగుల బొమ్మే వచ్చే స్లైడ్ రీళ్ల సంగతి ఒక్క ముక్కలో: అర స్టాపు తప్పినా క్షమించవు. మీటర్ మీద నమ్మకం కుదిరాక చూసుకోవచ్చు.

డయల్ పెట్టి, ఇక ముట్టుకోకండి

రీలు వేయగానే డయల్ తిప్పండి. డబ్బా అట్టముక్క చించి కెమెరా వెనక ఉన్న చట్రంలో దోపండి, చట్రం లేకపోతే చిన్న టేపు ముక్క మీద "400" అని రాసి అతికించండి. నెల తర్వాత సగం రీలుతో కెమెరా తీసినప్పుడు లోపల ఏముందో మీకు గుర్తుండదు.

కలర్ నెగటివ్‌కు వెలుగు కాస్త ఎక్కువ పడితేనే నీడల్లో వివరం నిలుస్తుంది. అందుకే 400 రీలును 200 అనుకుని తీసేవాళ్లు చాలామంది. ఎండలో ఇది మంచి అలవాటే. ల్యాబుకు ప్రత్యేకంగా చెప్పాల్సిన పని కూడా లేదు, మామూలుగానే కడుగుతారు. వెలుగు తక్కువున్న చోట మాత్రం ఈ విలాసం వద్దు.

దీనికి ఎదురు దారి పుష్ చేయడం. 400 రీలును మొదటి బొమ్మ నుంచి చివరి బొమ్మ దాకా 1600 అనుకుని తీసి, ఎక్కువసేపు కడిగిస్తారు. హెచ్‌పి5 ప్లస్‌ను ఐడి-11 అనే డెవలపర్ మందులో 20 డిగ్రీల దగ్గర 400కి ఏడున్నర నిమిషాలు కడిగితే, 1600కి 14 నిమిషాలు. ఇంట్లో కడిగేవాళ్లకు చెన్నైలో అసలు పరీక్ష ఆ 20 డిగ్రీలే. మే నెల మధ్యాహ్నం మేడమీది ట్యాంకు నీళ్లు చెయ్యి చురుక్కుమంటాయి. మందు సీసాను ఐసు నీళ్ల బక్కెట్లో నిలబెట్టి, థర్మామీటర్ చూసుకుంటూ దించండి. వేడి మందుతో సమయం తగ్గించుకుందామంటే అయిదు నిమిషాల లోపుకు వచ్చేస్తుంది, అప్పుడు ఫిలిం మీద మరకలు మరకలుగా కడుగుడు పడుతుంది. ల్యాబుకిస్తే "రెండు స్టాపులు పుష్" అని డబ్బా మీదే రాసివ్వండి. తీయకముందే ఆ ల్యాబు పుష్ చేస్తుందో లేదో కనుక్కోండి, చాలా చోట్ల కలర్‌కు చేయరు.

కొన్నాక

వేగమైన ఫిలిం వేడికి తొందరగా పాడవుతుంది. స్కూటర్ డిక్కీలో, ఎండలో ఆపిన కారులో వదలకండి. ఫ్రిజ్‌లో పెట్టండి, కానీ తీసిన వెంటనే డబ్బా మూత తెరవకండి. చెన్నై గాలి తేమకు చల్లటి ఫిలిం మీద చెమట పడుతుంది. రెండు గంటలు బయట పెట్టి, తర్వాత కెమెరాలో వేయండి.

బీరువాలో గడువు తీరిన కలర్ రీలు దొరికితే పదేళ్లకు ఒక స్టాపు చొప్పున వెలుగు పెంచి తీయండి. 200 రీలుకు ఇరవై ఏళ్లు నిండితే డయల్ 50 మీద. ఊటీలో హిందుస్తాన్ ఫొటో ఫిలిమ్స్ చేసిన ఇందు రీళ్లు ఇప్పటికీ అక్కడక్కడా బయటపడుతుంటాయి. వాటితో ముఖ్యమైనవేవీ తీయకండి, సరదాకే.

సినిమా ఫిలింను చుట్టి అమ్మే రీళ్లు చవగ్గా వస్తాయి. 250డి అంటే పగటి వెలుగుకు, 500టి అంటే బల్బు వెలుగుకు. వాటిలో చాలావాటి వెనక రెమ్‌జెట్ అనే నల్లటి పూత ఉంటుంది. మామూలు కలర్ ల్యాబు యంత్రంలో వేస్తే ఆ పూత ఊడి మందంతా పాడవుతుంది, పక్కవాళ్ల రీళ్లు కూడా చెడిపోతాయి. అది ఏ ఫిలిమో కౌంటర్‌లో నోరు విప్పి చెప్పండి.

విమానంలో వెళ్తుంటే రీళ్లను చెక్-ఇన్ పెట్టెలో ఎప్పుడూ పెట్టకండి, ఆ స్కానర్ల ఎక్స్-రే బలంగా ఉంటుంది. చేతి సంచిలో పెట్టుకుని, పారదర్శకమైన కవర్‌లో విడిగా ఉంచి, చేత్తో చూడమని అడగండి. కొత్త రకం సీటీ స్కానర్లయితే 100, 200 రీళ్లకు కూడా ముప్పే. పాత రకానికి 400 దాకా ఒకటి రెండుసార్లు ఫర్వాలేదు, 800 నుంచి మాత్రం పొగపట్టినట్టు మసక వస్తుంది. మెట్రో స్టేషన్లలో సంచులు స్కాన్ చేసే యంత్రాలనూ లెక్కలోకి తీసుకోండి. రోజూ రెండుసార్లు ఆఫీసుకు అదే సంచిలో 800 రీలు మోస్తే ఆ ఎక్స్-రే అంతా పోగుపడుతుంది. కెమెరా తీసుకెళ్లే రోజు వచ్చేదాకా దాన్ని ఇంట్లోనే వదిలేయండి.